పాడైతే ఎలాగని అడిగిన మా చిన్నమరిది

మా చిన్నమరిది పోయాడన్న వార్త నాకు శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి ఫోన్లో వచ్చింది. ఊరికి మాత్రం ఫ్లెక్సీ మీద వచ్చింది. మనిషిని ఇంకా ఇంటికి తీసుకురాకముందే నరసన్నపేట మెయిన్ రోడ్డులో రెండు కరెంటు స్తంభాల మధ్య అది కట్టేశారు. పైన మరిది బొమ్మ చిన్నది. కింద సంతాపం తెలిపేవాళ్ళ బొమ్మలు పెద్దవి. అందులో ఒకాయన నల్లకళ్ళద్దాలు కూడా తియ్యలేదు. మరిది పక్కన నీలం దీపాలు వెలుగుతున్న నల్లటి పెట్టె, అదే సర్వరు, అతని కంటే ఎత్తుగా నిలబడి ఉంది. "మన ఊరికి అంతర్జాలం తెచ్చిన మహనీయుడు" అని రాశారు.

మనవరాలు ఆ బొమ్మ ఫోన్లో చూపించేసరికి నా ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. బతికున్నంతకాలం ఆ పెట్టె ముఖం చూడ్డానికే ఇష్టపడని మనిషి. పోయాక తీసుకెళ్ళి దాని పక్కన నిలబెట్టారు.

సంతాపసభలో మంచిమాటలన్నీ అయిపోయాయి కాబట్టి నేను ఇక్కడ జరిగింది రాస్తాను. చదివేవాళ్ళలో అతని కనెక్షను పెట్టుకున్నవాళ్ళు కొందరుంటారు. ఇన్నేళ్ళూ మీ ఇంటికి నెట్ ఎక్కణ్ణించి వచ్చిందో మీకే తెలీదు. అతను చెప్పలేదు. నేను చెప్తాను.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి అతను నిక్కర్లు వేసుకుని తిరుగుతున్నాడు. మా అత్తవారిది బియ్యం వ్యాపారం. పెద్దవాడైన మా ఆయన పోయి చాలాకాలమైంది. రెండో మరిది కొట్టు చూసుకుంటాడు. చిన్నవాడు బియ్యం బస్తా వైపు తిరిగి చూడలేదు. ముందు కేబుల్ టీవీ నడిపాడు, తరవాత ఆ తీగల వెంటే ఇళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చాడు. నేను విజయనగరంలో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పి, రిటైరై ఇక్కడికొచ్చి పడ్డాను. అప్పట్నించి రోజూ పొద్దున్నే వచ్చి వంటింటి గుమ్మంలో కూర్చునేవాడు. ఇంట్లో అతని మాట వినే ఓపిక ఇంకెవరికీ లేదు. నాకూ లేదు గాని, కాఫీ పెట్టేటప్పుడు ఎవరో ఒకరు మాట్లాడుతుంటే పాలు పొంగవు.

మనిషిలో నచ్చని గుణాలు చాలా ఉన్నాయి. నా స్టీలు గ్లాసుల్లో స్క్రూలు పోసేవాడు. పెళ్ళికి తీసుకెళ్తే దంపతుల మీద అక్షింతలు వెయ్యకుండా మండపం వెనక్కి పోయి జనరేటరు చుట్టూ తిరిగేవాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు స్విచ్చిబోర్డుని పలకరించి, తరవాత మనుషుల వైపు చూసేవాడు. అన్నిటికంటే అసహ్యమైన అలవాటు ఇంకొకటి ఉంది. ఏ యంత్రమైనా సరే, దాని వెనక ఫ్యాను దగ్గర ముక్కుపెట్టి వాసన చూసేవాడు. మనుషులున్నారని కూడా చూసుకునేవాడు కాదు. "కుక్కలా ఏమిటది అబ్బాయ్" అని కసిరితే, "కంపెనీవోడు కాయితం మీద ఏటైనా రాస్తాడొదినా, గాలి అబద్ధం సెప్పదు" అనేవాడు. కాలుతున్న వాసనా దుమ్ము వాసనా వేరువేరని నాకు పాఠం కూడా చెప్పాడు. ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పినదానికి.

అతనిదో పద్ధతి ఉండేది. లైను ఆగితే ఫోన్లు ఎత్తకుండా దాక్కునే రకం కాదు. స్వయంగా వెళ్ళి గుమ్మంలో నిలబడి తిట్లు తిని వచ్చేవాడు. కనెక్షను ఇచ్చేటప్పుడే చెప్పేవాడు: "ఆగదు. ఆగితే నేనే వస్తాను." కొత్తగా పెద్ద కంపెనీల సిమ్ములు చవగ్గా వచ్చి పడుతున్న రోజులు. అతని చేతిలో ఆ మాట తప్ప ఇంకేమీ లేదు. అది పోతే వ్యాపారమే పోతుందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక సర్వరు సంగతి. ఇళ్ళు పెరిగాయి. ఎవరు వచ్చారు, పేరేమిటి, పాస్‌వర్డు సరిపోయిందా అని చూసి లోపలికి వదిలే యంత్రం ఒకటుంటుంది. అది ఆగితే స్తంభాలూ తీగలూ బాగానే ఉండి ఊరంతా బయటే నిలబడాలి. అప్పటిదాకా ఆ పని మామూలు కంప్యూటరు ఒకటి చేస్తుండేది. ముసలిదైపోయి, మా కొట్లో గుమస్తాలా మధ్యమధ్య కునుకు తీస్తోంది. కొత్తది కొనాలి. మా ఇంట్లో ఏది కొన్నా అందరూ కొట్లో గాదీ పరుపు మీద కూర్చుని కొంటారు. విశాఖపట్నం నుంచి టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చాడు. కరపత్రం పరిచాడు. నల్లపెట్టె, నీలం దీపాలు, ముందు జల్లెడలాంటి తలుపు. రెండో మరిది దాన్ని చూసిన చూపు చూడాలి. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన అలా చూడలేదని మా తోడికోడలు అంది.

చిన్నవాడు మాత్రం కరపత్రం తిరగేసి ఒకటే అడిగాడు.

"ఇది పాడైతే పార్టు ఎక్కణ్ణించి వస్తాది?"

కుర్రాడు నవ్వాడు. "సార్, మీరు కంప్లయింటు ఇస్తే చాలు, చెన్నై నుంచి పంపిస్తారు."

"శనివారం సాయంత్రం పాడైతే?"

"సోమవారం చూస్తారు సార్."

"ఆదివారం ఊళ్ళోవోళ్ళకి ఏటి సెప్పమంటావు, సోమవారం సూస్తారని సెప్పీమంటావా?"

రెండో మరిది చెయ్యెత్తి ఆపాడు. "ఒరే తమ్ముడూ, శుభమా అని సరుకు కొంటన్నాం. ఆ ముక్క నోటంట రానీకు."

మా వాళ్ళ పద్ధతి అది. బేరం కుదిరేటప్పుడు పాడవడం, విరగడం, చెడిపోవడం అన్న మాటలు ఎవరూ అనకూడదు. అంటే అదే జరుగుతుందని నమ్మకం. ఎద్దులు కొన్న కాలంలో పుట్టిన పద్ధతి అయ్యుంటుంది. బళ్ళకీ, ఫ్రిజ్జులకీ, ఇప్పుడు సర్వర్లకీ వచ్చింది. గారంటీ కాయితం కూడా మా ఇంట్లో కొన్న మర్నాడు గాని విప్పరు.

చిన్నవాడు వినలేదు. అతనికి కావలసింది ఆ పెట్టె కానే కాదు. మామూలువి రెండు, అచ్చంగా ఒకేలాంటివి కొనమన్నాడు. ఒకటి పనిచేస్తుంటే రెండోది పక్కన కూర్చుని అన్నీ రాసుకుంటూ ఉంటుంది. మొదటిది పడితే రెండోది లేస్తుంది. ఫ్యానూ డిస్కూ విజయనగరంలో దొరికే రకమై ఉండాలి, పొద్దున్న బస్సెక్కినవాడు మధ్యాహ్నం భోజనానికి పార్టుతో తిరిగి రావాలి. "యంత్రం బాగున్నప్పుడు ఎలగున్నాదో సూసి కొనకూడదన్నయ్యా. పాడైన్నాడు ఎలగుంటాదో సూసి కొనాల" అన్నాడు.

 మా తోడికోడలు మూడుసార్లు నేలని తాకి కళ్ళకద్దుకుంది.

"అంటే ఒకటి చస్తాదని ముందే అనీసుకొని రెండు తెస్తావా?" అన్నాడు రెండో మరిది. "ఇలగే అనుకుంటే మనిషి ఇద్దర్ని సేసుకోవాల."

అందరూ నవ్వారు. కుర్రాడు కూడా నవ్వాడు, వాడిది అమ్ముడైపోయింది కాబట్టి. పవర్ సప్లై అనే భాగం, కరెంటు తీసుకుని లోపలికిచ్చేది, ఆ పెట్టెలో రెండు పెట్టుకోవచ్చు. అదైనా రెండోది తీసుకోమని చిన్నవాడు బతిమాలాడు. అది కూడా అశుభమేనట. ఒకటే వచ్చింది. రెండోదాని చోట వెనక ఖాళీ, దానికో రేకు మూత.

తరవాత పూజ జరిగింది. కరెంటు వస్తువు ఆగ్నేయంలో ఉండాలని సిద్ధాంతి చెప్పాడు. కొట్టు మేడమీద ఆగ్నేయం మూల రేకుల గది, పొద్దుటి ఎండంతా దానిదే. అక్కడ పెట్టారు. ముందున్న జల్లెడ తలుపుకి పసుపు పూసి, నిండా కుంకుమ బొట్లు పెట్టి, సాంబ్రాణి ధూపం వేసి, అప్పుడు స్విచ్చి నొక్కారు. సర్వరు ఊపిరి పీల్చేది ఆ జల్లెడలోంచే. పసుపూ కుంకుమా పొగా మొత్తం లోపలికి లాక్కుంది. వెనక నిలబడ్డవాళ్ళ చొక్కాల మీద ఎర్రటి పొడి పడింది. "సూసినావా, తల్లి ఆశీర్వదించింది" అంది మా తోడికోడలు. చిన్నవాడు తల దించుకుని గోళ్ళు కొరుక్కున్నాడు. కొబ్బరికాయ కొట్టేటప్పుడు వెనక రేకు మూత ఊడి ఎక్కడో పడింది. వెతికిచ్చినవాడు లేడు.

ఆ కన్నంలోంచి ఒక బల్లి లోపలికి దూరింది.

అది ఎప్పుడు దూరిందో తెలీదు గాని, చచ్చింది మాత్రం ఇంజనీరింగు పిల్లలు ఆన్‌లైన్లో కాలేజీలు ఎంచుకోడానికి ఆఖరి రోజు పొద్దున్న. పవర్ సప్లై కాలింది. ఉన్నది అదొక్కటే. మేడమీదకి వెళ్తే ఆ కంపు, మాడిన బల్లి, కరిగిన ప్లాస్టిక్కు, ముద్దకట్టిన పసుపు, మెట్ల మీదనుంచే నేను వెనక్కి దిగాను. ఆ రోజు మాత్రం అతను వాసన చూడలేదు. చెన్నైకి ఫోను చేశాడు. చూస్తామన్నారు. స్కూటరు తీశాడు.

నేను బ్యాంకుకి వెళ్ళాల్సి ఉండి వెనక కూర్చున్నాను. బ్యాంకు దాకా వెళ్ళలేదు. దారిలో ఇంటింటి ముందూ ఆపాడు, నిలబడ్డాడు, తిట్లు తిన్నాడు. ఆఖరికి ఊరి చివర ఒక ఇల్లు. ఆవిడ సముద్రం ఒడ్డు ఊరి మనిషి, చేపల వ్యాపారం కోసం ఇక్కడ కాపురముంది. అరుగు మీద బుట్ట పెట్టుకుని సంతకి బయల్దేరుతోంది. పక్కన కూతురు కళ్ళు ఎర్రగా చేసుకుని నిలబడి ఉంది.

"ఏటి బాబూ, ఆగదన్నావు గదేటి," అంది ఆవిడ. "మా పిల్ల కాలేజీలు ఎట్టుకోవాల. ఈయేల్టితో సరంట. నీ మాట నమ్మి ఇంటికాడ ఉన్నాది. ఇప్పుడేటి సేస్తావు సెప్పు."

"తప్పు నాదేనమ్మా. పిల్లని బండెక్కమను. శ్రీకాకుళంలో నాకు తెలిసినోడి నెట్టు సెంటరున్నాది. నువ్వూ రా."

"నాను వస్తే నా సేపలెవుడు సూస్తాడు, మీ అయ్య సూస్తాడా?"

అతను నా వైపు తిరిగాడు. "మా ఒదిన సూస్తాది."

వైశ్యుల ఇంటి కోడల్ని, పెద్ద చదువు చదివినదాన్ని, ఉల్లిపాయ కూడా వారంలో కొన్ని రోజులు ముట్టనిదాన్ని. ముగ్గురూ స్కూటరెక్కి వెళ్ళిపోయారు. నేను ఆ అరుగు మీద కవళ్ళ చేపల బుట్ట ముందు కూర్చున్నాను, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, చేతిలో చీపురుపుల్లతో. ఒక పిల్లి, రెండు కాకులు, లెక్కలేనన్ని ఈగలు. కాసేపటికి ఒకావిడ వచ్చి వంగి చూసింది.

"ఏటమ్మా, కవళ్ళెలగిస్తన్నావు?"

"నాకు తెలీదమ్మా."

"తెలీకుండా ఎలగమ్ముతున్నావు?"

"అమ్మడం లేదు. కాపలా."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "పాపం, ఏ ఊరో ఏటో" అనుకుంటూ పోయింది.

ఎండ నెత్తిమీదికొచ్చాక తిరిగొచ్చారు. పిల్ల కాలేజీలు పెట్టుకుంది. తల్లి బుట్టలోకి చూసి, "ఒక్కటీ పోలేదే" అంది నాతో, నేను ఫస్టుక్లాసులో పాసైనట్టు. ఇంటికి వచ్చి తలంటు పోసుకుంటే గాని ఆ వాసన వదల్లేదు. తల తుడుచుకుంటూ అతన్ని దులిపేశాను.

"తప్పు నాదేనమ్మా అని ఇంటింటా అంటావేం అబ్బాయ్? మా అన్న కొన్నాడు, నేను వద్దన్నాను అని ఒక్క ఇంట్లో చెప్పావా?"

"సెప్తే ఆల ఇంటికి నెట్ వస్తాదేటొదినా?"

  కాఫీ ఇవ్వకుండా పంపించేశాను.

పార్టు ఎప్పటికో వచ్చింది. రెండో మరిది దిష్టి తగిలిందని తేల్చి, సర్వరుకి నిమ్మకాయలు కట్టించాడు. చిన్నవాడు విజయనగరంలో ఏదో ఆఫీసు మూసేస్తుంటే వెళ్ళి, వాళ్ళ పాత యంత్రాల్లో అన్నిటి వెనకా ముక్కుపెట్టి చూసి, రెండు ఏరుకుని, దుప్పట్లో చుట్టి ఆర్టీసీ బస్సులో సీటు మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. వాటికి టిక్కెట్టు కొట్టాలని కండక్టరు గొడవపడ్డాట్ట. తిన్నగా మా ఇంటికే వచ్చాడు.

"ఒదినా, నీ పచ్చళ్ళ గది కావాల."

"ఎందుకు?"

"ఉత్తరం గది. ఎండ రాదు. మందం గోడ. బల్లులు నీకు బయపడతాయి."

జాడీలు వంటింట్లోకి మార్చాను. ఆ రోజునుంచి ఊరంతా మా పచ్చళ్ళ గదిలోంచే లోపలికి వెళ్ళేది. కొట్టు మేడమీద నల్లపెట్టెకి కరెంటు మాత్రం ఉంచాడు. దీపాలు వెలుగుతుండేవి, ఫ్యాను తిరుగుతుండేది, వచ్చినవాళ్ళకి రెండో మరిది గర్వంగా చూపిస్తుండేవాడు. అది చేసే పని అదొక్కటే. అన్నకి చెప్పవేమని అడిగితే, "అది తప్పు సరుకని సెప్తే అన్నయ్య ఊరుకోడొదినా. ఇంకోటి కొంటాడు" అన్నాడు.

నాలుగేళ్ళు గడిచాయి. తీగలు తెగాయి, తుఫానుకి స్తంభాలు పడ్డాయి, అప్పుడు వెళ్ళి గుమ్మాల్లో నిలబడ్డాడు. యంత్రం వల్ల మాత్రం ఊరు మళ్ళీ ఆగలేదు. వాటిలో ఒకదాని డిస్కు పోతే విజయనగరం బస్సెక్కి వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. మీరు ఆ రోజు సినిమా చూస్తూ ఉండుంటారు. మీకు తెలీదు. అతనికి కావలసింది అదే.

తరవాత గుండె. దానికి రెండోది దొరకలేదు.

పన్నెండో రోజు అయ్యాక కళ్యాణమండపంలో సంతాపసభ పెట్టారు. నేను లోపలికి అడుగుపెట్టి చూద్దును గదా, వేదిక మీద అతని పటం, పక్కన బల్లమీద పట్టుగుడ్డ, పట్టుగుడ్డ మీద ఆ నల్లపెట్టె. మేడమీదనుంచి దింపి మోసుకొచ్చారు. దానికీ దండ వేశారు. రెండో మరిది మైకు ముందుకొచ్చాడు. తమ్ముడి గౌరవార్థం ఆ సర్వరుని ఇక్కడికి తెచ్చామనీ, అందుకని ఊళ్ళో నెట్ కాసేపు ఆగుతుందనీ, ప్రజలు పెద్దమనసుతో సహకరించాలనీ గొంతు తగ్గించి చెప్పాడు. ఎవరూ సహకరించలేదు. సహకరించాల్సిన అవసరం రాలేదు. ముందు వరసలో కూర్చున్నాయన చేతిలో ఫోనుంది. తన కోడలు ఇంట్లో టీవీలో నెట్ సీరియల్ చూస్తోందని, ఆగలేదని పక్కాయనకి చెప్పాడు. ఆయన వెనకాయనకి చెప్పాడు. చివరికి ఎవడో గట్టిగానే అన్నాడు:

"బాబూ, వస్తన్నాది. బాగానే వస్తన్నాది."

రెండో మరిది పెట్టె వైపు చూశాడు. వైరు లేని పెట్టె. తరవాత నా వైపు చూశాడు. ఆ సభలో నవ్వనివాళ్ళు చాలామంది ఉన్నారు గాని, నవ్వాపుకుంటున్నదాన్ని నేనొక్కదాన్నే. కనిపెట్టేశాడు.

సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. ఏమీ అడక్కుండానే పచ్చళ్ళ గది తలుపు తీశాను. లోపల గూట్లో ఒకదాని మీద ఒకటి, రెండు మామూలు యంత్రాలు, బూడిదరంగువి. ఒక్క బొట్టు లేదు. ఆయన చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చాడు. 

"ఎప్పట్నించొదినా?"

"బల్లి చచ్చినప్పట్నించి."

తల ఊపాడు. ఆయన్ని తిట్టాలని ఎన్నేళ్ళుగానో నేను నోట్లో ఉంచుకున్న మాటలు అన్నీ ఉన్నాయి. బియ్యం కొట్లో పరువు కోసం తమ్ముణ్ణి ఊరందరి ముందూ నిలబెట్టినందుకు, అతను వెళ్ళి నిలబడ్డందుకు, ఆ కుంకుమకీ ఆ ఫ్లెక్సీకీ కలిపి. ఆయన అడిగేదాకా ఆగుదామని ఊరుకున్నాను.

"ఇప్పుడివెవుడు సూస్తాడు?"

"నువ్వే. నాకు మోకాళ్ళు."

"నాకేటి తెలుసు?" అన్నాడు. మళ్ళీ వాటి వైపు తిరిగాడు.  ఆ మాట అనడానికి ఆయన పడ్డ అవస్థ చూస్తే అరవయ్యేళ్ళ మనిషికి మొదటిసారి మాటలొస్తున్నట్టుంది. "ఒదినా… వీటిలో ఒకటి… పాడైతే?"

"నన్నడక్కు. వైరు పీకి చూడు."

"పీకీమంటావా?"

"పీకు."

పైదాని వైరు రెండు చేతులా పట్టుకుని లాగాడు. దాని దీపం ఆరింది. ఫ్యాను హోరు సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగింది. గదిలో ఒక్క క్షణం ఏమీ లేదు. ఆనక కిందది గట్టిగా ఊపిరి తీసుకున్నట్టు, దాని ఫ్యాను వేగం అందుకుంది. ముందుగదిలో మనవరాలు ఫోన్లో ఎవరితోనో వీడియోలో మాట్లాడుతూ నవ్వుతోంది. తన నవ్వు తెగలేదు.

ప్లగ్గు మళ్ళీ పెట్టమన్నాను. ఆయన వినలేదు. ఊడిన వైరుని గుండెకి ఆనించుకుని, కిందదాని వెనకనుంచి వచ్చే వెచ్చటిగాలి పంచెని కదిలిస్తుంటే, ఆ చీకటి గదిలో అలాగే నిలబడిపోయాడు.